‘ఓల్డ్ డాగ్స్’: పిల్లలున్నారు, పెంపకమే లేదు

2009 నవంబరు 25న, అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగకు ఒక్కరోజు ముందు, వాల్ట్ డిస్నీ పిక్చర్స్ ‘ఓల్డ్ డాగ్స్’ అనే సినిమాను విడుదల చేసింది. జాన్ ట్రవోల్టా, రాబిన్ విలియమ్స్ హీరోలు. యాభై దాటిన ఇద్దరు మగవాళ్ల చేతికి ఉన్నట్టుండి ఏడేళ్ల కవల పిల్లలు వస్తే ఏమవుతుందన్నది కథ. వినగానే నవ్వు తెప్పించే ఆలోచన. ఆ నవ్వులోంచే కళ్లు చెమర్చే చోటుకి తీసుకెళ్లగల ఆలోచన కూడా. తీరా సినిమా వచ్చాక విమర్శకులు దాదాపు అందరూ పెదవి విరిచారు. విమర్శకుల సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్లో దానికి దక్కింది 5 శాతం. ఏటా చెత్త సినిమాలను ఎంచే రాజీ అవార్డుల్లో సినిమా, దర్శకుడు, నటుడు, సహాయ నటి విభాగాల్లో నాలుగు నామినేషన్లు వచ్చాయి. అదే సినిమా ప్రపంచమంతా కలిపి 9 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా వసూలు చేసింది.

ఇలాంటి లెక్కలు కనిపించగానే ‘జనానికి నచ్చింది, విమర్శకులకు ఎక్కలేదు’ అని తేల్చేయడం మామూలే. నాకు ఆ తీర్పుతో పేచీ ఉంది. కుటుంబ హాస్యమంటే తేలిక సరుకని, దాన్ని తరచి చూడక్కర్లేదని అందులో ఒక అభిప్రాయం దాగుంది. పిల్లల్ని చూసుకోవడం చేతకాని మగవాడు అది నేర్చుకునే కథ సినిమాల్లో చాలా పాతది, చాలా గట్టిది. దాని మీద గొప్ప సినిమాలు నిలబడ్డాయి. మరి ఇద్దరు పెద్ద నటులు, పెద్ద స్టూడియో, సరైన కథాంశం ఉండి కూడా ఇది ఎక్కడ జారిపోయిందో విడదీసి చూడాలి.

ముందు ఆ 5 శాతం సంగతి. చాలామంది దాన్ని నూటికి ఐదు మార్కులని అనుకుంటారు. అది మార్కు కాదు. లెక్కలోకి తీసుకున్న సమీక్షల్లో ఎన్ని మొత్తమ్మీద బాగుందన్నాయో చెప్పే శాతం. ఒక సినిమాను అందరూ ‘పర్వాలేదు, చూడొచ్చు’ అంటే దానికి నూరు శాతం రావచ్చు. అందరూ ‘కాస్త తగ్గింది’ అంటే సున్నాకి పడిపోవచ్చు. కాబట్టి 5 శాతమంటే ఎంత ఘోరంగా ఉందో తెలియదు. ఇరవై మందిలో పంతొమ్మిది మంది చూడమని చెప్పలేకపోయారని మాత్రమే తెలుస్తుంది. ఎందుకు చెప్పలేకపోయారో తెలియాలంటే సినిమాలోకే వెళ్లాలి.

కథ ఇదీ. డాన్‌గా విలియమ్స్, చార్లీగా ట్రవోల్టా. ఇద్దరూ న్యూయార్క్‌లో స్పోర్ట్స్ మార్కెటింగ్ కంపెనీ నడిపే పాత స్నేహితులు. ఒక జపాన్ కంపెనీతో పెద్ద డీల్ చేతిదాకా వచ్చింది. ఏడేళ్ల కిందట, డాన్ విడాకుల బాధలో ఉన్నప్పుడు చార్లీ అతన్ని సరదాగా మయామీకి తీసుకెళ్లాడు. అక్కడ తాగిన మత్తులో డాన్ విక్కీ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆ పెళ్లి వెంటనే రద్దయిపోయింది. ఇప్పుడామె మళ్లీ వచ్చి, ఆనాటి పరిచయం ఫలితంగా కవలలు పుట్టారని చెబుతుంది. పర్యావరణ పోరాటంలో పడిన శిక్షకు ఆమె రెండు వారాలు జైలుకెళ్లాలి. పిల్లల్ని చూసుకోవాల్సిన స్నేహితురాలు చేతుల మోడలింగ్ చేసి బతుకుతుంది. పొరపాటున ఆమె చేతుల మీదే డాన్ కారు డిక్కీ మూసేస్తాడు. ఇక పిల్లలు డాన్ నెత్తిన పడతారు. డాన్ ఉండే కాండోలో, అంటే ఫ్లాట్ల సముదాయంలో, పిల్లలకు ప్రవేశం లేదు కాబట్టి అందరూ చార్లీ ఇంటికి చేరతారు.

ఆ కాండో ముచ్చట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అమెరికాలో పిల్లలున్నారన్న కారణంతో ఇల్లు ఇవ్వకపోవడం 1988లో చేసిన చట్ట సవరణతో చట్టవిరుద్ధమైంది. పెద్ద వయసువాళ్ల కోసమే ప్రత్యేకించిన నివాసాలకు మాత్రం, అంటే 55 ఏళ్లు, 62 ఏళ్లు అని గీత గీసుకున్న చోట్లకు, మినహాయింపు ఉంది. పిల్లల చప్పుడే లేకుండా వృద్ధాప్యాన్ని ఏర్పాటు చేసుకునే సమాజం అది. పిల్లలు అడుగుపెట్టకూడని ఇంట్లో బతికే మనిషికి ఇద్దరు పిల్లలు ఎదురవడం మంచి మొదలు. సినిమా దాన్ని ఇల్లు మారడానికి సాకుగా వాడుకుని వదిలేసింది. ఇలా చేతికందిన మంచి సంగతిని పట్టుకుని వదిలేయడం ఈ సినిమాలో పదేపదే జరుగుతుంది.

పిల్లల బాధ్యత నెత్తిన పడిన మగవాడి కథ ఎలా పనిచేస్తుందో చూడాలంటే ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’ (1979) దగ్గరికి వెళ్లాలి. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమా. అది హాస్యచిత్రం కాదు. కానీ ఈ కోవలోని ప్రతి హాస్యచిత్రానికీ కావలసిన పాఠం అందులో ఉంది. భార్య ఇల్లు విడిచి వెళ్లిన మర్నాడు పొద్దున డస్టిన్ హాఫ్‌మన్ కొడుక్కి ఫ్రెంచ్ టోస్ట్ చేయబోతాడు. గుడ్లు కాఫీ కప్పులో కొడతాడు. బ్రెడ్డు అందులో పట్టదు, మడిచి కుక్కుతాడు. ఏం ఫర్వాలేదు, అంతా బాగానే ఉందని కొడుక్కి చెబుతూనే పెనం పట్టుకుని చెయ్యి కాల్చుకుంటాడు. సినిమా చివర్లో అదే వంటిల్లు, అదే తండ్రీకొడుకులు, అదే టోస్ట్. ఇద్దరూ మాట్లాడుకోరు. ఒకరు గుడ్డు అందిస్తే ఇంకొకరు గిలక్కొడతారు. నెలల తరబడి ప్రతి పొద్దునా అదే పని చేసిన చేతులవి. ఆ తండ్రి మారాడని ఎవరూ మాటల్లో చెప్పరు. ఆయన చేతుల్ని చూస్తే తెలిసిపోతుంది.

ఈ తరహా కథకు ప్రాణం అక్కడుంది. సంరక్షణ ఒక పని. దానికి మెళకువలుంటాయి, రోజూ చేస్తే తప్ప అబ్బవు. చేతకానప్పుడు నవ్వొస్తుంది, చేతనవుతుంటే మనసు కరుగుతుంది. రెండూ ఒకే పనిలోంచి రావాలి.

1985లో కొలీన్ సెరో అనే ఫ్రెంచి దర్శకురాలు ముగ్గురు బ్రహ్మచారుల గుమ్మంలో ఒక పసిపాపను పెట్టి తీసిన సినిమా ఫ్రాన్స్‌లో పెద్ద హిట్టయింది, ఉత్తమ చిత్రంగా అక్కడి ఆస్కార్ లాంటి సీజర్ అవార్డు తెచ్చుకుంది. దాన్నే రెండేళ్లకు అమెరికాలో లెనార్డ్ నిమోయ్ ‘త్రీ మెన్ అండ్ ఎ బేబీ’గా తీశాడు. 1987లో విడుదలైన సినిమాల్లో అమెరికాలో అత్యధిక వసూళ్లు దానివే. అందులో మత్తుమందుల ముఠా అంటూ అనవసరమైన ఉపకథ ఒకటి అడ్డొస్తుంది. అయినా సినిమా నిలబడింది. ఏ పాలపొడి కొనాలో, ఏ సైజు డైపర్ తేవాలో తెలియక దుకాణంలో నిలబడిపోయిన మగవాడు అందులో ఉన్నాడు కాబట్టి. బిడ్డకు పట్టాల్సిన పాలు, మార్చాల్సిన గుడ్డలు, నిద్రపుచ్చే వేళలు ఉన్నాయి కాబట్టి. పాపను తల్లి తీసుకెళ్లాక ఇల్లు బోసిపోతే, అది ఎంత బోసిపోయిందో మనకు అర్థమవుతుంది. ఆ ఇంట్లో అంతకుముందు జరిగిన పని మనం చూశాం.

‘ఓల్డ్ డాగ్స్’కి వస్తే, కవలలు దిగాక వచ్చే పెద్ద సన్నివేశాలు ఇవి. స్కౌట్ల క్యాంపుకి వెళ్తారు, అక్కడ వాళ్ల వ్యవస్థాపకుడి విగ్రహానికి పొరపాటున నిప్పంటుకుంటుంది. మందులు తారుమారవుతాయి, డాన్ గోల్ఫ్ మైదానంలో అవస్థ పడతాడు, చార్లీ ముఖం బిగుసుకుపోతుంది. చివర్లో జంతు ప్రదర్శనశాలలో పెంగ్విన్లు, గొరిల్లా. ఏ ఒక్కటీ పిల్లల్ని చూసుకునే పనిలోంచి పుట్టింది కాదు. పిల్లలు లేకపోయినా ఇవన్నీ జరగొచ్చు. ఒక్కొక్కటీ విడివిడిగా తీసిన స్కిట్‌లాగా ఉంటుంది, మధ్యలో పిల్లలు నిలబడి చూస్తుంటారు. పిల్లలకి జ్వరం రావడం, అన్నం వద్దని మొండికేయడం, అర్ధరాత్రి అమ్మ కావాలని ఏడవడం, ఇలాంటివేవీ ఈ ఎనభై ఎనిమిది నిమిషాల్లో కథను కదిలించవు. తల్లి జైల్లో ఉన్న ఏడేళ్ల పిల్లలకు ఉండాల్సిన బెంగ కూడా సినిమా తలకెక్కించుకోదు.

మందుల సన్నివేశం ఒక్కటే తీసుకుని దగ్గరగా చూడండి. చార్లీ, డాన్ ఇద్దరూ రకరకాల మాత్రలు వేసుకునే వయసువాళ్లు. పిల్లలు పొరపాటున ఆ సీసాలు ఒలకబోసి, ఒకరివి ఒకరి సీసాల్లో పెట్టేస్తారు. అవి వేసుకున్న డాన్‌కి ఎంత దూరంలో ఏముందో అంచనా తప్పిపోతుంది. ఆ స్థితిలో జపాన్ వ్యాపారులతో గోల్ఫ్ ఆడాల్సి వస్తుంది. చార్లీ ముఖం నవ్వుతో బిగుసుకుపోతుంది, అదే ముఖంతో ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల ఓదార్పు సమావేశంలో కూర్చుంటాడు. కంప్యూటర్ సాయంతో ట్రవోల్టా నోటిని సాగదీసిన ఆ నవ్వు చూడటానికి ఇబ్బందిగా ఉంటుంది.

ఇప్పుడు ఈ సన్నివేశం మొదలైన చోటుకి వెళ్లండి. పెద్దవాళ్ల మాత్రలు, వాటి పక్కన పిల్లల చేతులు. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా పెద్దలు నిజంగా భయపడే సంగతి ఇది. మందు సీసాలకు పిల్లలు తీయలేని మూతలు పెట్టాలని అమెరికా 1970లోనే చట్టం చేసింది. తాతలు, అమ్మమ్మలు వాడే మాత్రలు పిల్లలు మింగేయడం అక్కడ ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు బాగా తెలిసిన ప్రమాదం. వయసు పైబడినవాడు పిల్లల్ని చూసుకోవడంలో ఉన్న అసలు చిక్కు ఈ ఒక్క సంఘటనలో కనిపిస్తుంది. అతని శరీరానికి కావలసినవి, పిల్లల క్షేమానికి కావలసినవి ఒకే ఇంట్లో పొసగవు. అలమరా పై అరకు మార్చాలి, సీసాలు లెక్కపెట్టుకోవాలి, తన జబ్బుల గురించి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. అందులో గుండె ఝల్లుమనే క్షణం ఉంది, నవ్వు ఉంది, ఒక మనిషి మారడం ఉంది. దర్శకుడు వాల్ట్ బెకర్ దాన్ని గోల్ఫ్ మైదానానికి మోసుకెళ్లాడు. పిల్లలు ఆ మాత్రల్లో ఒకటి మింగి ఉంటే అన్న ఆలోచనే ఎవరికీ రాదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఈ చోటే.

వయసుతోనూ అంతే. సినిమా విడుదలయ్యేనాటికి ట్రవోల్టాకు 55, విలియమ్స్‌కు 58. ఆ వయసులో ఏడేళ్ల పిల్లలకు తండ్రవడమంటే ఎన్నో ప్రశ్నలు. వీళ్లు కాలేజీకి వెళ్లేసరికి నేనుంటానా, ఉన్నా ఏ పాటి ఓపికతో ఉంటాను? నేల మీద కూర్చుని ఆడించి మళ్లీ లేవడానికి మోకాళ్లు సహకరిస్తాయా? సినిమాలో వయసు గురించి పదేపదే వచ్చే జోకు ఒక్కటే. చూసినవాళ్లంతా వాళ్లను తాతయ్యలనుకుంటారు. మొదటిసారి నవ్వొస్తుంది. ఆ తర్వాత ఆ మాట డాన్ మనసులో ఏం చేస్తోందో చూపించాలి. చూపించరు.

ఇక డాన్ తన చేతకానితనాన్ని ఎలా దాటతాడు? ఇక్కడ ఒక మంచి సన్నివేశం ఉంది, సినిమా మొత్తంలో నాకు మిగిలింది అదే. కూతురు ఎమిలీ తండ్రితో టీ పార్టీ ఆడుకోవాలనుకుంటుంది. ఆడపిల్లతో ఎలా ఆడాలో డాన్‌కి తెలియదు. జిమ్మీ లంచ్‌బాక్స్ అనే పిల్లల వినోదకారుడి పాత్రలో బెర్నీ మాక్ వస్తాడు. డాన్‌కీ చార్లీకీ ప్రత్యేకమైన సూట్లు తొడుగుతాడు. చార్లీ ఎలా కదిలితే డాన్ శరీరం అలా కదులుతుంది. బొమ్మలాటలో తోలుబొమ్మను ఆడించినట్టు స్నేహితుడు దూరం నుంచి ఇతన్ని ఆడిస్తుంటాడు. కాసేపటికి సూట్లు చెడిపోతాయి. అప్పుడు డాన్ గత్యంతరం లేక కూతురితో తన మాటలు తను మాట్లాడతాడు. ఆ మాటలకే పాప దగ్గరవుతుంది.

ఆ నిమిషంలో విలియమ్స్ ముఖం చూస్తే ఈ సినిమా ఏమై ఉండేదో తెలుస్తుంది. 1993లో ‘మిసెస్ డౌట్‌ఫైర్’లో పిల్లల దగ్గర ఉండటానికి ముసలి ఆయాగా వేషం కట్టిన తండ్రి ఆయనే. ఆ కథే కమల్ హాసన్ ‘అవ్వై షణ్ముగి’కి స్ఫూర్తి. అది తెలుగులోకి ‘భామనే సత్యభామనే’గా వచ్చింది కాబట్టి ఆ ముసలావిడ మనకీ తెలుసు. విలియమ్స్ చేసిన ఆ తండ్రి మొదటిరోజు వంట చేయబోయి ఒంటిమీది వేషానికి నిప్పంటించుకుంటాడు, హోటల్ నుంచి భోజనం తెప్పించి గట్టెక్కుతాడు. తర్వాత వంట నేర్చుకుంటాడు. వేషం తీసేసినా నేర్చిన పని ఒంట్లో మిగులుతుంది. ‘ఓల్డ్ డాగ్స్’లో డాన్ ఒంట్లో ఏ పనీ మిగలదు. టీ పార్టీలో సూటు చెడిపోయాకే అతను తండ్రి అయ్యాడని సినిమా తానే చూపించింది. చూపించినదాన్ని తానే నమ్మలేదు. క్లైమాక్స్‌లో టోక్యో డీల్ వదులుకుని పిల్లల పుట్టినరోజుకి పరుగెత్తిన డాన్‌కి మళ్లీ ఇంకో సూటు కావలసి వచ్చింది. ఈసారి జెట్‌ప్యాక్ కట్టుకుని గాల్లోంచి దిగాలి. పిల్లలకు తండ్రి దొరకడం కంటే తండ్రి ఎగిరి రావడం గొప్పదని స్టూడియో అనుకున్నట్టుంది.

ఆడవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ తరహా కథ మొదలవడానికి సినిమాలు తల్లిని ఎలాగోలా తప్పిస్తాయి. ఇక్కడ ఒకరిని జైలుకి పంపారు, ఇంకొకరి చేతులు విరగ్గొట్టారు. అదైనా ఒప్పుకోవచ్చు, తల్లి ఇన్నేళ్లు ఒంటరిగా చేసిన పని ఎంతటిదో ఆ మగవాడికి అర్థమైతే. ఏడేళ్ల పాటు ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచిన విక్కీని డాన్ ఒక్క ప్రశ్న అడగడు. వీళ్లకి ఏం పడదు, ఏం తింటే వాంతి చేసుకుంటారు, చీకటంటే భయమా, ఎవరు ఎటువైపు తిరిగి పడుకుంటారు? గడువు రెండే వారాలు కావడం కూడా కథకు చేటు చేసింది. రెండు వారాలకు చుట్టాలుగా ఉండొచ్చు. తండ్రితనం మొదలయ్యేది పదిహేనో రోజున, ఎవరూ తిరిగి రారని తెలిసినప్పుడు.

మరి వసూళ్లు? నిర్మాణానికి అయిన ఖర్చు సుమారు 3 కోట్ల 50 లక్షల డాలర్లు. అమెరికా, కెనడాల్లో 4 కోట్ల 90 లక్షలకు పైగా, మిగతా దేశాల్లో దాదాపు అంతే వచ్చింది. కానీ టిక్కెట్ల మీద వచ్చిన డబ్బులో ఇంచుమించు సగం థియేటర్లు ఉంచుకుంటాయి. ప్రచారానికి పెట్టేది నిర్మాణ ఖర్చులో కలపరు. ఆ లెక్కన ఇది మూడింతలు లాభం తెచ్చిన సినిమా కాదు. ఇదే దర్శకుడు, ఇదే ట్రవోల్టా రెండేళ్ల ముందు చేసిన ‘వైల్డ్ హాగ్స్’ 25 కోట్ల డాలర్లు దాటింది. దాని పక్కన ఇది బాగా తక్కువ. ఇక ఆ వారం థియేటర్లలో పరిస్థితి చూడండి. పండగ సెలవులు. ‘న్యూ మూన్’ టీనేజర్లది, ‘2012’ విధ్వంసం సినిమా. తాతల నుంచి మనవళ్ల దాకా అందరూ కలిసి కూర్చోవాలంటే తెలిసిన ముఖాలు, పెద్దల తోడుతో పిల్లలూ చూడొచ్చనే పీజీ సర్టిఫికెట్, డిస్నీ పేరు ఉన్న సినిమాకే వెళ్తారు. జనం సినిమాను మెచ్చుకుని డబ్బిచ్చారని ఈ అంకెలతో చెప్పలేం. ఆ కథ చూడాలని ఆశపడి టిక్కెట్ కొన్నారని మాత్రం చెప్పవచ్చు. ఆ ఆశను నేను చిన్నచూపు చూడలేను.

ఎందుకంటే ఆ కథ మన తెలుగు ఇళ్లలో, అదీ అమెరికాలోనే, రోజూ జరుగుతోంది. కూతురికో కోడలికో పురుడొస్తుందంటే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్తారు. సాధారణంగా ఆరు నెలలుంటారు. అమ్మమ్మ పని ముందే ఖాయం, పత్యం వంట, బిడ్డకు లాల. ఆమెకి తోడుగా వెళ్లిన తాతయ్యకి మొదట్లో పనేమీ ఉండదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తన పిల్లలకు పాలసీసా పట్టని మనిషి. కూతురూ అల్లుడూ మళ్లీ ఆఫీసు పనిలో పడ్డాక, అమ్మమ్మ నడుము పట్టేశాక, ఆయన వంతు వస్తుంది. భుజాన పలచటి గుడ్డ వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, కార్ సీటు బెల్టు టక్కుమని పడిందో లేదో రెండుసార్లు లాగి చూడటం నేర్చుకుంటాడు. ఆరు నెలలకు సరిపడా తెచ్చుకున్న బీపీ, షుగర్ మాత్రల డబ్బా పాకే పిల్ల కంటపడకుండా ఫ్రిజ్ మీదికి చేరుతుంది.

మన దేశంలో ఈ పని ఎవరి మీద పడుతుందో 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వే చెప్పింది. ఇంట్లోవాళ్ల సంరక్షణలో ఏ రోజైనా పాలుపంచుకునే ఆడవాళ్లు 27.6 శాతం, మగవాళ్లు 14 శాతం. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు 134 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 76. ఇలాంటి చోటు నుంచి వెళ్లిన అరవై ఐదేళ్ల మనిషి పరాయి దేశంలో డైపర్ మార్చడం నేర్చుకున్నాడంటే అది చిన్న మార్పు కాదు. ఆ ఇంట్లో నవ్వుకు కొదవుండదు, జెట్‌ప్యాక్ అవసరం అసలే పడదు.

‘ఓల్డ్ డాగ్స్’ తీసినవాళ్ల దగ్గర నిజమైన కుటుంబం కూడా ఉంది. ఎమిలీగా నటించిన పాప ట్రవోల్టా సొంత కూతురు ఎల్లా బ్లూ. విక్కీగా చేసిన కెల్లీ ప్రెస్టన్ ఆయన భార్య. సినిమా బయటికొచ్చేలోపు, 2009 జనవరిలో, వాళ్ల పదహారేళ్ల కొడుకు జెట్ చనిపోయాడు. అంతకుముందు ఆగస్టులో బెర్నీ మాక్ పోయారు. ఇది నటుడిగా ఆయన చివరి పాత్ర అయింది. సినిమాను ఆ ఇద్దరికీ అంకితం ఇచ్చారు. ఆ తర్వాత 2014లో విలియమ్స్, 2020లో ప్రెస్టన్ కూడా వెళ్లిపోయారు. ఇది తెలిసి చూసేవాళ్లకు ఓదార్పు సమావేశంలో బిగుసుకుపోయిన ఆ నవ్వు మరింత కష్టంగా ఉంటుంది. నటుల్ని నేనేమీ అనను. వాళ్ల చేతికి చేయడానికి పని ఇవ్వని స్క్రిప్టుది తప్పు.

సెలవుల్లో పిల్లలతో కలిసి ఈ కథాంశం మీద ఏదైనా చూడాలనుకుంటే ‘మిసెస్ డౌట్‌ఫైర్’ పెట్టుకోండి. కాస్త పెద్ద పిల్లలుంటే ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’ కూడా చూడొచ్చు, కోర్టు సన్నివేశాల దగ్గర వాళ్ల ప్రశ్నలకు జవాబులు సిద్ధంగా ఉంచుకుని. ‘ఓల్డ్ డాగ్స్’లో టీ పార్టీ సన్నివేశం ఒక్కటీ చూస్తే చాలు.